శరీరము తానే చేసికొను లైంగిక హార్మోనులు

గిద్దలూరు, కంభము, మార్కాపురము ప్రాంతములలో ట్రాక్టర్లు వచ్చిన పిమ్మట కాడియెద్దులు తగ్గినవి. అయినను ఎద్దునకును ఆబోతునకును గల భేదము నెరుగని రైతు అచ్చట లేడు. రెండును ఒకే జాతివి; ఒకే ఆవు కడుపున పుట్టినవైనను కావచ్చును. ఆబోతు మెడ బలిసి, మూపురము ఎత్తుగా పెరిగి, ఱంకె వేయుచు తిరుగును. విత్తులు నొక్కించిన కోడె ఎద్దై, మూపురము అంతగా పెరుగక, కాడి క్రింద సాధువుగా నడచును. రెండింటికిని మేత ఒక్కటే, కొట్టము ఒక్కటే. ఇంత మార్పునకు కారణము పని మానిన రెండు చిన్న అవయవములు మాత్రమే. వేల యేండ్లుగా రైతునకు తెలిసిన ఈ సంగతిలోని మర్మము శాస్త్రజ్ఞులకు బోధపడుటకు పందొమ్మిదవ శతాబ్దము వరకు వేచియుండవలసి వచ్చినది.

కోడిపుంజులు తెలిపిన రహస్యము

1849లో జర్మనీ దేశమునందలి గట్టింజెన్ నగరములో బెర్తోల్డ్ అను శాస్త్రజ్ఞుడు ఆరు కోడిపిల్లలపై ఒక ప్రయోగము చేసెను. అన్నియు పుంజుపిల్లలే. కొన్నింటి వృషణములను పూర్తిగా తొలగించెను. అవి పెద్దవైన పిమ్మట వాని జుట్టు ఎఱ్ఱబడలేదు; అవి కూయలేదు; పోట్లాడలేదు. మిగిలినవానికి మాత్రము తీసిన వృషణములలో ఒకదానిని కడుపులో మరియొక చోట అతికించెను. అవి అన్ని విధముల పుంజులుగనే పెరిగినవి. తరువాత కోసి చూడగా, అతికించిన అవయవమునకు పాత నరములతో సంబంధము లేదు. క్రొత్త రక్తనాళములు మాత్రము దాని చుట్టును అల్లుకొని యున్నవి. అనగా ఆ అవయవము తన ఆజ్ఞను నరముల ద్వారా గాక రక్తము ద్వారా పంపుచున్నదని స్పష్టమైనది.

ఇట్లు రక్తములో కలిసి దూరమందున్న అవయవములకు ఆజ్ఞలు మోయు పదార్థములకు 1905లో స్టార్లింగ్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 'హార్మోను' అను పేరు పెట్టెను. 'కదలించునది' అను అర్థము గల గ్రీకు మాట దానికి మూలము. వీనిని తయారుచేయు గ్రంథులకు నాళములుండవు గనుక వానిని వినాళగ్రంథులందురు.

లైంగిక హార్మోనులను విడదీయుట సులభము కాలేదు. 1929లో అమెరికాలో డోయిజీ, జర్మనీలో బూటెనాంట్ వేరువేరుగా ఒక స్త్రీ హార్మోనును స్ఫటికరూపమున సాధించిరి. 1931లో బూటెనాంట్ వేల లీటర్ల మూత్రమును శోధించి కొద్ది మిల్లీగ్రాముల పురుష హార్మోనును మాత్రమే పొందగలిగెను. 1935లో ఆమ్‌స్టర్‌డాంలో లాకూర్ బృందము ఆబోతుల వృషణములనుండియే టెస్టోస్టెరాన్‌ను వేరుచేసినది. అదే సంవత్సరము బూటెనాంట్, రుజిచ్కా దానిని కొలెస్టరాల్ నుండి ప్రయోగశాలలో తయారుచేసిరి. వారిద్దరికిని 1939 రసాయనశాస్త్ర నోబెల్ బహుమానము లభించినది.

కొలెస్టరాల్ అనగనే చెడుపదార్థమను భావము కలుగుట సహజము. శరీరము తన లైంగిక హార్మోనులన్నింటిని ఆ పదార్థమునుండియే నిర్మించుకొనుచున్నది. యుక్తవయస్కుడైన పురుషుని శరీరము దినమునకు 5 నుండి 7 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్‌ను చేయును. అది కందిగింజ బరువులో పదియవ వంతు కూడ కాదు. ఇంత స్వల్ప పదార్థము గొంతును మార్చును, మీసము మొలిపించును, కండలను, ఎముకలను గట్టిపరచును.

ఇది పురుషులకు, అది స్త్రీలకు అని గిరి గీయుట కూడ పొరపాటు. స్త్రీల అండాశయములలోను, అధివృక్కగ్రంథులలోను టెస్టోస్టెరాన్ కొంత తయారగును. పురుషుల శరీరములో టెస్టోస్టెరాన్ కొంత భాగము స్త్రీ హార్మోనైన ఈస్ట్రోజెన్‌గా మారును. అది లేనిచో పురుషుని ఎముకలు గుల్లబారును. కావలసినది ఒకదాని ఆధిక్యము కాదు, రెండింటి పొందిక.

నీరుగంటి కాపలా

ఈ పొందికను కాపాడునదెవరు? కంభము చెఱువు క్రింద సేద్యమును ఎరిగినవారికి ఈ ప్రశ్నకు సమాధానము తేలికగా బోధపడును. తూము దగ్గర నీరుగంటి యుండును. పొలము ఎండుచున్నచో తూమెత్తును, నిండినచో దించును. పొలమును చూడకుండ తూమును ముట్టడు.

మన తలలో, మెదడు అడుగున, హైపోథలామస్ అను భాగము ఈ నీరుగంటి పని చేయుచున్నది. అది సుమారు గంటకో, గంటన్నరకో ఒకమారు చిన్న సంకేతమును విడుచును. ఆ సంకేతము దాని క్రిందనే వ్రేలాడు పీయూషగ్రంథికి చేరును. పీయూషగ్రంథి రెండు హార్మోనులను రక్తములోనికి పంపును. అవి పురుషులలో వృషణములను, స్త్రీలలో అండాశయములను పనికి పురికొల్పును. అచ్చట తయారైన లైంగిక హార్మోను రక్తములో తిరిగి మెదడును చేరి, 'చాలును' అని తెలుపును. అప్పుడు సంకేతము మందగించును. రక్తములో హార్మోను తగ్గినచో సంకేతము మరల వేగమగును. స్త్రీలలో మాత్రము నెలకొకమారు, ఈస్ట్రోజెన్ బాగుగా పెరిగిన సమయమున, 'చాలును' అను ఆజ్ఞ 'ఇంకను' అను ఆజ్ఞగా మారును. అప్పుడే అండము విడుదలయగును.

హైపోథలామస్ పంపు ఆ సంకేతపు రసాయననిర్మాణమును 1971లో షాలీ బృందము తేల్చినది. గిల్లెమిన్ బృందము దానిని ధ్రువపరచినది. వారిద్దరును 1977 వైద్య నోబెల్ బహుమానమును పంచుకొనిరి.

ఈ ఏర్పాటును గ్రహించినచో రెండు సంగతులు తేటపడును. ఒకటి: గ్రంథులు, మెదడు ఆరోగ్యముగా ఉన్నంతవరకు శరీరమునకు వెలుపలినుండి హార్మోను అక్కరలేదు. రెండు: వెలుపలినుండి పోసినచో లోపలి తూము మూతపడును.

తూము మూతపడుటకు సాక్ష్యము

1889లో పారిసునందు డెబ్బదిరెండేండ్ల బ్రౌన్-సెకార్ అను ప్రసిద్ధ శరీరశాస్త్రజ్ఞుడు జంతువుల వృషణముల రసమును తనకు తాను సూదిద్వారా ఎక్కించుకొని, యౌవనము తిరిగివచ్చినదని ప్రకటించెను. నీటితో తీసిన ఆ రసములో హార్మోను దాదాపు ఉండదని తరువాత తేలినది. ఆయన పొందిన బలము నమ్మకపు బలమే. అయినను ఆ ప్రకటన లోకమంతట వ్యాపించి, బలపుటౌషధముల వర్తకమునకు నాంది పలికెను.

నిజమైన హార్మోను ఎక్కించినచో ఏమగును? 1990లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన ఒక పరిశోధన ఇందుకు సమాధానము చెప్పుచున్నది. ఆరోగ్యవంతులైన పురుషులకు వారమునకు 200 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ సూదిద్వారా ఇచ్చిరి. ఆరు నెలలలో వారిలో సగముకంటె ఎక్కువమందికి వీర్యములో శుక్రకణములు పూర్తిగా లేకుండ పోయినవి. ఆ పరిశోధన ఉద్దేశమే సంతాననిరోధము! పొలము నిండియున్నదని చూచి నీరుగంటి తూము దించినాడు. పీయూషగ్రంథి ఆజ్ఞ ఆగినది. వృషణములు పని మానినవి. మందు ఆపిన పిమ్మట వారికి శక్తి తిరిగి వచ్చినది. కాని కండలకై సంవత్సరముల తరబడి స్టెరాయిడులు వాడినవారిలో, పూడిన కాలువవలె, మరల పారుటకు నెలలు, ఒక్కొకప్పుడు ఏండ్లు పట్టుచున్నది. ఎదిగెడి బాలురకు మరియొక నష్టము కలదు: ఎముకల చివరలు త్వరగా అతుకుకొని, ఎత్తు పెరుగుట అంతటితో ఆగిపోవును.

కావున వ్యాయామశాలలలో 'బలమునకు' అని ఇచ్చు పేరులేని సూదులను, మాత్రలను విద్యార్థులు ముట్టరాదు. గోడలమీది ప్రకటనలలోని పొడులు, లేహ్యములు కూడ అట్టివే. ఇట్టివానిలో కొన్నింట స్టెరాయిడులు, ఇతర ఆధునిక ఔషధములు చెప్పకుండ కలిపియున్నట్లు పలుదేశముల పరీక్షలలో బయటపడినది. లైంగికశక్తిని పెంచుదుమనియు, ఋతుదోషములను కుదుర్తుమనియు మందులకు ప్రకటనలిచ్చుటను మన దేశములో 1954 నాటి ఔషధములు, మాయచికిత్సల ఆక్షేపణీయ ప్రకటనల చట్టము నిషేధించుచున్నది. గోడమీద అట్టి ప్రకటన కనబడినచో, అది వైద్యుని మాట కాదు, చట్టమును మీరిన మాట యని విద్యార్థులు తెలిసికొనవలెను.

ఈ వర్తకమునకు పెట్టుబడి బాలుర భయమే. నూరు చుక్కల రక్తము ఒక చుక్క వీర్యమగునను మాటకు శాస్త్రములో ఆధారము లేదు. నిద్రలో వీర్యము స్ఖలించుట యౌవనమున సహజము. దానివలన హార్మోను తరుగదు, బలము తగ్గదు. ఈ రెండు వాక్యములు సకాలమున ఉపాధ్యాయుని నోట వినిన బాలుడు సంవత్సరముల దిగులునుండి తప్పించుకొనును.

గ్రంథులకు కావలసినవి

మొదటిది చాలినంత ఆహారము. వానలు తప్పు ఏండ్లు గిద్దలూరు సీమకు క్రొత్త కాదు. ఆకలి వేళ శరీరము గుండెను, మెదడును ముందు పోషించి, సంతానమునకు సంబంధించిన పనిని వాయిదా వేయును. క్రొవ్వుకణములు లెప్టిన్ అను హార్మోనుద్వారా 'నిలువ యున్నది' అని మెదడునకు తెలుపును. నిలువ లేనిచో హైపోథలామస్ సంకేతము సన్నగిల్లును. చాలినంత తినక కఠినశ్రమ చేయు బాలికలకు ఋతుస్రావము ఆలస్యమగుటకును, ఆగిపోవుటకును ఇదియే కారణము. పరుగుపందెముల క్రీడాకారిణులలో కూడ ఇట్లే జరుగుచున్నది.

రెండవది జింకు అను ఖనిజము. భారతదేశమున బక్సరులో జన్మించిన వైద్యుడు ఆనంద ప్రసాద్ 1958లో ఇరానునందలి షిరాజ్ నగరములో ఒక రోగిని పరీక్షించెను. అతనికి 21 ఏండ్లు. చూచుటకు పదియేండ్ల బాలునివలె నుండెను. యౌవనచిహ్నములు లేవు. అతని ఆహారము పులియబెట్టని గోధుమరొట్టె. మాంసము దాదాపు లేదు. మట్టి తిను అలవాటు కూడ ఉండెను. ఇట్టి పలువురను ఇరానులోను, ఆ తరువాత ఈజిప్టులోను పరిశీలించి, జింకు లోపమే దీనికి ముఖ్యకారణమని ప్రసాద్ తేల్చెను. జింకు ఇచ్చినపుడు వారు ఎత్తు పెరిగిరి, యౌవనము వచ్చినది.

మన సజ్జ, జొన్న, కంది, నువ్వులు, వేరుశనగలలో జింకు కలదు. కాని గింజలలోని ఫైటేటు అను పదార్థము దానిని ప్రేగులలో పట్టి యుంచి శరీరమునకు అందనీయదు. గింజలను నానబెట్టి మొలకెత్తించినను, పిండిని పులియబెట్టినను ఫైటేటు తగ్గును. రాత్రి పులియబెట్టి ప్రొద్దున త్రాగు అంబలి ఈ కారణమున మెచ్చదగినది. మాంసము, గ్రుడ్లు తినువారికి జింకు మరింత సులభముగా అందును. అట్లని జింకు మాత్రలను అతిగా మ్రింగరాదు. అవి రక్తమునకు కావలసిన రాగిని అందకుండ చేయును. లోపమును తీర్చుటకే జింకు పనిచేయును గాని, లోపము లేనివానికి అదనపు బలమునీయదు.

మూడవది నిద్ర. టెస్టోస్టెరాన్ నిద్రలో పెరిగి, ఉదయమున అధికముగా నుండును. 2011లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో పదిమంది ఆరోగ్యవంతులైన యువకులను ఒక వారము పాటు రాత్రికి ఐదు గంటలు మాత్రమే నిద్రింపనిచ్చిరి. పగటివేళ వారి రక్తములోని టెస్టోస్టెరాన్ నూటికి 10 నుండి 15 వంతులు తగ్గినది. అర్ధరాత్రి దాటువరకు సెల్‌ఫోను చూచు విద్యార్థి 'బలపు' లేహ్యము కొనుట, చెఱువుకట్టకు గండికొట్టి బావి త్రవ్వుట వంటిది.

నాలుగవది శ్రమ, తగిన బరువు. క్రొవ్వులో నుండు ఒక ఎన్‌జైము టెస్టోస్టెరాన్‌ను ఈస్ట్రోజెన్‌గా మార్చును. బొజ్జ పెరిగిన పురుషునిలో టెస్టోస్టెరాన్ తగ్గుటయు, బరువు తగ్గించినపుడు అది తిరిగి పెరుగుటయు వైద్యులు తరచుగా చూచుచున్న విషయమే. స్త్రీలలో ఇది మరియొక రూపమున కనబడును. రక్తములో ఇన్సులిన్ అధికమైనపుడు అండాశయములు టెస్టోస్టెరాన్‌ను ఎక్కువగా చేయును. ఋతువు క్రమము తప్పును. ముఖమున రోమములు పెరుగును. పీసీఓఎస్ అని వైద్యులు వ్యవహరించు స్థితిలో జరుగునది ఎక్కువగా ఇదే. నడక, వ్యాయామము, తీపి తగ్గించుట దీనికి చికిత్సలో మొదటి మెట్టు. అవటుగ్రంథి పని తగ్గినను ఋతువు క్రమము తప్పును గనుక, రక్తపరీక్ష చేయింపక మందులు వాడరాదు.

గ్రంథులను కాపాడుకొనుట

తూమునకంటె ముందు చెఱువు ఉండవలెను. బాలురలో వృషణము సంచిలోనికి దిగనిచో, మొదటి ఏడాది, ఏడాదిన్నరలోపల శస్త్రచికిత్స చేయింపవలెను. యౌవనము వచ్చిన పిమ్మట గవదబిళ్ళలు వచ్చినచో వృషణములు వాచి చెడవచ్చును. దీనికి టీకా కలదు. బాలునకు వృషణములో హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వచ్చినచో, అది మెలిపడి రక్తము అందకపోయి యుండవచ్చును. సుమారు ఆరు గంటలలోపల శస్త్రచికిత్స జరిగినచో అది దక్కును. గిద్దలూరునుండి నంద్యాలకు నల్లమల కనుమ దాటి పోవలెను. ఒంగోలు ఇంకను దూరము. సిగ్గుచేత ఉదయము వరకు దాచిన నొప్పికి వెల ఒక గ్రంథి కావచ్చును.

స్త్రీల విషయమున తెలుగునాట ఇంకను పెద్ద సమస్య కలదు. 2015–16 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతట నూటికి సుమారు ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది. దేశములో అన్ని రాష్ట్రములకంటె ఇది అధికము. తెల్లబట్ట యనియు, నడుమునొప్పి యనియు, అధిక రక్తస్రావమనియు, పిల్లలు పుట్టిరి గనుక ఇక సంచితో పనిలేదనియు ముప్పది యేండ్లకే ఆపరేషనునకు పోవు తల్లులు పల్లెలలో ఎందరో కలరు. తెల్లబట్ట సాధారణముగా మందులతో నయమగును. అధిక రక్తస్రావమునకును పెక్కు సందర్భములలో మందులు కలవు.

గర్భసంచి వేరు, అండాశయములు వేరు. సంచిని మాత్రమే తీసినచో అండాశయములు హార్మోను చేయుచునే యుండును, కాని కొందరిలో ముందుగా ఉడుగును. అండాశయములను కూడ తీసినచో ఈస్ట్రోజెన్ కొద్ది దినములలోనే పడిపోవును. సహజముగా 45, 50 ఏండ్ల మధ్య మెల్లగా రావలసిన ముట్లుడుగుట ముప్పదియవ యేట ఒక్కమారుగా వచ్చును. ఒంట్లో ఆవిరులు, నిద్రలేమి, ఎముకలు గుల్లబారుట, గుండెజబ్బు దీని ఫలితములు. కూలిపని చేసి బ్రతుకు స్త్రీకి గుల్లబారిన ఎముకలనగా జీవనోపాధికే దెబ్బ. క్యాన్సరు వంటి వ్యాధులలో ఈ ఆపరేషను ప్రాణమును నిలుపును. అందు సందేహము లేదు. తక్కిన సందర్భములలో మూడు ప్రశ్నలు అడుగుట ప్రతి కుటుంబమునకు హక్కు: మందుతో నయము కాదా? అండాశయములను ఉంచవచ్చునా? తీయవలసివచ్చినచో ఆ పిమ్మట హార్మోను చికిత్స ఇత్తురా? ఇంకొక వైద్యుని అభిప్రాయము కూడ తీసికొనుట మంచిది.

ఉపాధ్యాయులు గమనింపదగినవి

బాలికలలో యౌవనచిహ్నములు సాధారణముగా 8, 13 ఏండ్ల మధ్యను, బాలురలో 9, 14 ఏండ్ల మధ్యను మొదలగును. ఈ హద్దులకు ముందుగా వచ్చినను, దాటినను రాకున్నను వైద్యునికి చూపవలెను. పదునైదేండ్లు నిండినను బాలిక రజస్వల కానిచో పరీక్ష అవసరము. మొదటి ఒకటి రెండు సంవత్సరములు ఋతువు క్రమము తప్పుట సహజమే. ఆ తరువాత మూడు నెలలు రాకపోయినచో ఉపేక్షింపరాదు. గ్రంథి నిజముగా చెడినపుడు వైద్యుడు రక్తపరీక్ష చేసి, కొలత ప్రకారము హార్మోను ఇచ్చును. అట్టివారికి అది మేలు చేయు ఔషధమే. ఎండిన పొలమునకు నీరు పెట్టుట వేరు, నిండిన పొలమునకు గండికొట్టుట వేరు.

పాఠశాలలో ఎత్తు, బరువు సంవత్సరమునకు రెండుమారులు వ్రాసి యుంచినచో, ఎదుగుదల ఆగిన బిడ్డ ఎవరో ఆ పట్టికయే చెప్పును. ఆ బిడ్డకు కావలసినది తరచుగా గోడమీది లేహ్యము గాక, కడుపునిండ సంకటి, పప్పు, గ్రుడ్డు, ఎనిమిది గంటల నిద్ర. అప్పటికిని మార్పు లేనిచో, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రి.